జెఫర్సన్ డేవిస్: రాష్ట్రాల హక్కుల కోసమా, బానిసత్వం కోసమా?

అట్లాంటాలో ఉండే తెలుగువాళ్ల ఇంటికి చుట్టాలొస్తే, శనివారం పూట తీసుకెళ్లే చోట్లలో స్టోన్ మౌంటెన్ ఒకటి. బోడిగా ఉండే ఆ గ్రానైట్ కొండ మీద గుర్రాలెక్కిన ముగ్గురి బొమ్మలు చెక్కి ఉంటాయి. వెడల్పు 190 అడుగులు, ఎత్తు 90 అడుగులు. వాళ్లలో ఇద్దరు సేనాధిపతులు: రాబర్ట్ ఇ. లీ, స్టోన్‌వాల్ జాక్సన్. ఆ ఇద్దరికీ ముందున్న మూడో మనిషి ఎవరని అడిగితే తీసుకెళ్లినవాళ్లే తడుముకుంటారు. ఆయన జెఫర్సన్ డేవిస్. అమెరికా నుంచి విడిపోయి నాలుగేళ్లు మాత్రమే బతికిన కాన్ఫెడరసీకి మొదటి అధ్యక్షుడూ ఆయనే, చివరి అధ్యక్షుడూ ఆయనే.

ఈ మధ్య ఆయన పేరు రెండు కారణాల వల్ల వార్తల్లోకి వచ్చింది. 2020 జూన్‌లో నిరసనకారులు వర్జీనియా రాజధాని రిచ్‌మండ్‌లో ఆయన విగ్రహాన్ని తాళ్లు కట్టి పడగొట్టారు. తర్వాత 2023-24లో, తిరుగుబాటులో పాల్గొన్నవాళ్లు పదవికి పోటీ చేయవచ్చా అన్న వివాదం ట్రంప్ విషయంలో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లినప్పుడు, డేవిస్ మీద నూట యాభై ఏళ్ల కిందట పెట్టిన పాత కేసును లాయర్లు మళ్లీ దుమ్ము దులిపారు.

ఆయన గురించి ఏం చదివినా ఒకచోట దారి రెండుగా చీలుతుంది. రాష్ట్రాల హక్కుల కోసం నిలబడ్డ రాజ్యాంగవాది అని కొందరంటారు. మనుషుల్ని ఆస్తిగా ఉంచుకునే హక్కు కోసం దేశాన్ని చీల్చినవాడని మరికొందరంటారు. ఎవరు చెప్పేది నిజమో తేల్చుకోవడానికి మనకున్న మంచి సాక్షి డేవిసే. ఆయన చాలా మాట్లాడాడు, చాలా రాశాడు, వాటిలో ఎక్కువ భాగం మిగిలింది. ఏ సంవత్సరంలో ఏమన్నాడో, అదే సంవత్సరం ఏం చేశాడో పక్కపక్కన పెట్టి చూస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది.

ముందు కొన్ని పదాలు

1860 నాటి అమెరికాలో 33 రాష్ట్రాలు ఉండేవి. ఉత్తరాది రాష్ట్రాల్లో బానిసత్వం రద్దయింది, దక్షిణాది రాష్ట్రాల్లో చట్టబద్ధంగా సాగుతోంది. దేశం మొత్తాన్ని 'యూనియన్' అనేవారు, చీలిక తర్వాత మిగిలిన అమెరికాకూ అదే పేరు. అందులోంచి ఒక రాష్ట్రం తనంతట తాను బయటికి పోవడాన్ని వేర్పాటు అందాం. అలా బయటికి వచ్చిన రాష్ట్రాలు కట్టుకున్న కొత్త దేశం కాన్ఫెడరసీ. అది 1861 ఫిబ్రవరిలో ఏడు రాష్ట్రాలతో పుట్టింది, యుద్ధం మొదలయ్యాక మరో నాలుగు చేరి పదకొండయ్యాయి.

'రాష్ట్రాల హక్కులు' అనే వాదం సారాంశం ఇది: రాష్ట్రాలు తమ ఇష్టంతో కలిసి యూనియన్‌ను ఏర్పరచుకున్నాయి, కేంద్రానికి అప్పగించని అధికారాలన్నీ వాటి దగ్గరే ఉన్నాయి, కాబట్టి ఒప్పందం చెడితే బయటికి పోయే హక్కు కూడా వాటికి ఉంది. రాజ్యాంగంలో విడిపోవచ్చని ఎక్కడా లేదు, విడిపోకూడదనీ లేదు. అందుకే ఈ వాదాన్ని వట్టి సాకు అని కొట్టిపారేయలేం. చదువుకున్నవాళ్లు నిజంగానే నమ్మారు. అయితే ఒక వాదాన్ని నమ్మడం వేరు, దాన్ని ఎప్పుడు బయటికి తీస్తున్నారన్నది వేరు.

అన్న నీడలో పెరిగిన తమ్ముడు

డేవిస్ 1808 జూన్ 3న కెంటకీలో పుట్టాడు. ఎనిమిది నెలల తర్వాత అదే రాష్ట్రంలో, సుమారు వంద మైళ్ల దూరంలో అబ్రహాం లింకన్ పుట్టాడు. లింకన్ కుటుంబం ఉత్తరానికి వెళ్లింది, డేవిస్ కుటుంబం దక్షిణాన మిసిసిపీకి వచ్చి పత్తి సాగులో దిగింది. పదిమంది పిల్లల్లో జెఫర్సన్ ఆఖరివాడు. పెద్దన్న జోసెఫ్‌కీ ఆయనకీ ఇరవై నాలుగేళ్ల తేడా. తండ్రి పోయాక జోసెఫే తండ్రి స్థానంలో ఉండి, తమ్ముణ్ణి వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలకు పంపించాడు. అక్కడ 1828లో 33 మందిలో 23వ వాడిగా బయటపడ్డాడు.

సైన్యంలో ఉండగా తన పై అధికారి జాకరీ టేలర్ కూతురు సారాను ప్రేమించాడు. తండ్రికి ఇష్టం లేదు. 1835 జూన్‌లో పెళ్లయింది. సెప్టెంబర్‌లో మలేరియా సోకి ఆమె చనిపోయింది. తర్వాత ఏడెనిమిదేళ్లు డేవిస్ జనంలోకి పెద్దగా రాకుండా, విక్స్‌బర్గ్‌కు దిగువన మిసిసిపీ నది వంపులో అన్న ఇచ్చిన బ్రైర్‌ఫీల్డ్ అనే ప్లాంటేషన్‌లో పుస్తకాలు, పత్తి పెట్టుకుని గడిపాడు. అన్న 'ఇచ్చాడు' అన్నానే గానీ దస్తావేజు రాసివ్వలేదు. ఆ కాగితం లేకపోవడం తర్వాత పెద్ద కథకు దారితీసింది.

1860 జనాభా లెక్కల ప్రకారం బ్రైర్‌ఫీల్డ్‌లో 113 మంది బానిసలు ఉన్నారు. డేవిస్ తనను దయగల యజమానిగా భావించుకునేవాడు. తప్పు చేసినవాళ్లను విచారించడానికి బానిసలతోనే ఒక జ్యూరీ పెట్టే పద్ధతిని అన్నదమ్ములిద్దరూ నడిపారు. ఆయన అభిమానులు దీన్ని తరచూ ఉదహరిస్తారు. ఆ 113 మందిలో ఏ ఒక్కరికీ అక్కడినుంచి వెళ్లిపోయే హక్కు లేదన్న సంగతి దగ్గరికొచ్చేసరికి మాట తప్పిస్తారు. 1862లో యూనియన్ సైన్యం ఆ దరిదాపులకు రాగానే చాలామంది బానిసలు యజమానుల మాట వినడం మానేశారు. అదే ఏడాది, అప్పటికి కాన్ఫెడరసీ రాజధాని అయిన రిచ్‌మండ్‌లో డేవిస్ బండి తోలే విలియం జాక్సన్ అనే బానిస తప్పించుకుని యూనియన్ శిబిరానికి చేరి, అధ్యక్షుడి ఇంట్లో విన్న మాటలన్నీ అక్కడ చెప్పేశాడు.

వాషింగ్టన్‌లో డేవిస్: కేంద్రం ఎంత బలంగా ఉండాలి?

1845లో రెండో పెళ్లి వరీనా హౌవెల్‌తో. అదే ఏడాది కాంగ్రెస్‌కు ఎన్నికయ్యాడు. 1847లో మెక్సికోతో యుద్ధంలో బ్వేనా విస్టా దగ్గర పాదానికి గాయమైనా నిలబడి పోరాడి పేరు తెచ్చుకున్నాడు. తర్వాత సెనేటర్ అయ్యాడు. 1853 నుంచి 57 వరకు అధ్యక్షుడు పియర్స్ దగ్గర యుద్ధమంత్రి. ఈ చివరి పదవిలో ఆయన్ను చూస్తే కేంద్ర ప్రభుత్వం అంటే గిట్టనివాడని ఎవరూ అనుకోరు. సైన్యాన్ని పెంచాడు. పసిఫిక్ తీరానికి రైలు మార్గం కోసం కేంద్రం ఖర్చుతో సర్వేలు చేయించాడు. టెక్సస్ ఎడారిలో సామాను మోయడానికి మధ్యధరా ప్రాంతం నుంచి ఒంటెల్ని కూడా ఓడల మీద తెప్పించాడు. ఒంటెల ముచ్చట ఎంతోకాలం నిలవలేదు.

ఆ పదవిలో ఉండగా కాపిటల్ భవనం విస్తరణ పనులు కూడా ఆయన చేతికిందే ఉండేవి. భవనం శిఖరం మీద నిలబెట్టడానికి శిల్పి థామస్ క్రాఫర్డ్ 'స్వేచ్ఛ' విగ్రహానికి నమూనా పంపాడు. దాని తల మీద ఒక టోపీ ఉంది. పాత రోమ్‌లో విడుదలైన బానిసలు పెట్టుకునే టోపీ అది. పుట్టుకతోనే స్వేచ్ఛ కలిగిన జాతికి ఆ గుర్తు తగదని డేవిస్ అభ్యంతరం చెప్పాడు. శిల్పి టోపీ తీసేసి, డేగ ఈకలున్న శిరస్త్రాణం పెట్టాడు. ఆ విగ్రహాన్ని కంచులో పోతపోసిన పనివాళ్లలో ఫిలిప్ రీడ్ అనే బానిస ఉన్నాడు. 1863 డిసెంబర్‌లో దాన్ని శిఖరం మీదికి ఎక్కించే నాటికి రీడ్ స్వేచ్ఛాజీవి, డేవిస్ శత్రుదేశం అధ్యక్షుడు. వాషింగ్టన్ వెళ్లినవాళ్లు ఇప్పటికీ చూసేది ఆ శిరస్త్రాణాన్నే.

రాష్ట్రాల హక్కుల వాదాన్ని పరీక్షించడానికి ఇక్కడ రెండు ఉదాహరణలు సరిపోతాయి. మొదటిది 1850లో వచ్చిన పారిపోయిన బానిసల చట్టం. ఓ బానిస మిసిసిపీ నుంచి తప్పించుకుని మసాచుసెట్స్ చేరాడనుకుందాం. అక్కడి రాష్ట్ర చట్టం బానిసత్వాన్ని ఒప్పుకోదు. అయినా కేంద్ర అధికారులు వచ్చి అతణ్ణి పట్టుకుని వెనక్కి పంపాలి, అక్కడి పౌరులు సహకరించాలి. రాష్ట్రాల హక్కులే ముఖ్యమైతే మసాచుసెట్స్ 'మా రాష్ట్రంలో కుదరదు' అనగలగాలి. కొన్ని ఉత్తరాది రాష్ట్రాలు అచ్చంగా అలాగే చట్టాలు చేశాయి. దక్షిణాది నాయకులు వాటినే ద్రోహం అన్నారు. ఆ ఆక్షేపణలో డేవిస్ గొంతూ ఉంది.

రెండోది 1860 ఫిబ్రవరిలో ఆయనే సెనేట్‌లో పెట్టిన తీర్మానాలు. పశ్చిమాన ఇంకా రాష్ట్రాలు కాని ప్రాంతాల్లో బానిసత్వానికి కేంద్రమే రక్షణ కల్పించాలి, అక్కడి జనం వద్దన్నా సరే అన్నది వాటి సారం. ఇక్కడ కూడా స్థానికుల ఇష్టం కంటే కేంద్రం బలమే ఆయనకు కావాల్సి వచ్చింది.

డేవిస్ సమర్థకుల దగ్గర దీనికి జవాబు ఉంది. పారిపోయిన బానిసల్ని తిరిగి ఇవ్వాలన్నది రాజ్యాంగంలోనే ఉంది కాబట్టి దాన్ని అమలు చేయమనడం రాష్ట్రాల హక్కులకు విరుద్ధం కాదంటారు. న్యాయశాస్త్రపరంగా ఆ మాటలో బలముంది. కానీ ఆ జవాబు ఒప్పుకున్నా తేలేదేమిటంటే, రాజ్యాంగంలోని ఏ వాక్యాన్ని గట్టిగా పట్టుకోవాలో తేల్చింది బానిసత్వమే.

1861లో ఒక మాట, 1881లో ఇంకో మాట

అధ్యక్ష ఎన్నికల్లో లింకన్ గెలిచాక 1860 డిసెంబర్ 20న దక్షిణ కరొలినా విడిపోయింది. జనవరి 9న మిసిసిపీ విడిపోయింది. మిసిసిపీ ప్రకటించిన కారణాల పత్రం మొదట్లోనే, బానిసత్వ వ్యవస్థతో తమ స్థితి పూర్తిగా ముడిపడి ఉందని, ప్రపంచంలోకెల్లా పెద్ద ఆర్థిక ప్రయోజనం అదేనని రాసుకుంది. డేవిస్ తొందరపడవద్దని చెప్పిన వర్గంలోనివాడే. రాష్ట్రం నిర్ణయించాక జనవరి 21న సెనేట్‌లో వీడ్కోలు ప్రసంగం చేసి వచ్చేశాడు. సైన్యాధిపతి పదవి వస్తుందని ఆశపడ్డాడు. బ్రైర్‌ఫీల్డ్ తోటలో వరీనాతో కలిసి గులాబీ కొమ్మలు కత్తిరిస్తుండగా అధ్యక్షుడిగా ఎన్నుకున్నారని టెలిగ్రాం అందింది. ఉరిశిక్ష పడ్డ మనిషిలా ఆ వార్త చెప్పాడని వరీనా తర్వాత రాసింది.

ఫిబ్రవరి 18న అలబామాలోని మాంట్‌గమరీలో ప్రమాణం చేశాడు. ఉపాధ్యక్షుడు జార్జియావాడైన అలెగ్జాండర్ స్టీఫెన్స్. మార్చిలో వచ్చిన కొత్త రాజ్యాంగం పాత అమెరికా రాజ్యాంగానికి చాలావరకు నకలే. అధ్యక్షుడికి ఒక్కసారే ఆరేళ్ల పదవి వంటి మార్పులు ఉన్నాయి. పెద్ద మార్పు ఒకటుంది. నల్లజాతి బానిసల మీద ఆస్తి హక్కును తగ్గించే చట్టమేదీ కాంగ్రెస్ చేయకూడదని సూటిగా రాశారు. మార్చి 21న సవానాలో స్టీఫెన్స్ ఇంకా ముందుకెళ్లి, తెల్లవాడితో నల్లవాడు సమానం కాడన్న సత్యమే కొత్త ప్రభుత్వానికి మూలస్తంభం అన్నాడు. ఇంత బాహాటంగా మాట్లాడటం డేవిస్‌కు నచ్చలేదు. విదేశాల గుర్తింపు కోసం చూస్తున్న మనిషి ఆయన. అయినా ఏప్రిల్ 29న తన కాంగ్రెస్‌కు పంపిన సందేశంలో ఆయనే యుద్ధానికి దారితీసిన చరిత్రను వివరిస్తూ, కథంతా బానిసత్వం మీద ఉత్తరాది దాడి చుట్టూనే అల్లాడు. దక్షిణాది పంటలకు ఆఫ్రికన్ బానిసల శ్రమ లేకపోతే కుదరదన్నాడు.

యుద్ధంలో ఓడిన పదహారేళ్లకు, 1881లో కాన్ఫెడరసీ పుట్టుక, పతనం గురించి రెండు పెద్ద సంపుటాలు అచ్చువేశాడు. అందులో, ఆఫ్రికన్ దాస్యం ఈ పోరుకు ఏ విధంగానూ కారణం కాదు, అది వట్టి యాదృచ్ఛిక విషయం అని రాశాడు. ఈ రోజు మనం వినే 'రాష్ట్రాల హక్కుల యుద్ధం' కథనం చాలావరకు 1881 నాటి డేవిస్ నుంచీ, ఆయన సహచరుల నుంచీ వచ్చింది. 1861 నాటి డేవిస్‌ను అడిగితే ఆ జవాబు వచ్చేది కాదు. రెంటిలో దేన్ని నమ్మాలన్నది పాఠకుడి ఇష్టం. నా మటుకు నేను, ఫలితం ఇంకా తెలియని రోజుల్లో ఓట్లు, సైనికులు, ఆయుధాలు సమకూర్చుకోవడానికి చెప్పిన మాటకే ఎక్కువ విలువిస్తాను.

అధ్యక్షుడిగా: రాష్ట్రాల హక్కులతో యుద్ధం నడుస్తుందా?

యూనియన్ జనాభా సుమారు రెండు కోట్ల ఇరవై లక్షలు. కాన్ఫెడరసీది తొంభై లక్షలు, అందులో ముప్ఫై ఐదు లక్షల మంది బానిసలు. ఫిరంగులు పోసే కార్ఖానాలు, రైలు పట్టాలు, ఓడలు దాదాపు అన్నీ ఉత్తరాదివే. ఈ లెక్కతో నెగ్గాలంటే ఉన్న ప్రతి మనిషినీ, ప్రతి గింజనూ కేంద్రం పోగుచేయాల్సిందే. రాష్ట్రాల హక్కుల పేరుతో పుట్టిన దేశానికి ఇది ఎలా కుదురుతుంది?

ఒక ఊహా కుటుంబాన్ని తీసుకుందాం. ఉత్తర జార్జియా కొండల్లో ముప్ఫై ఏళ్ల రైతు. బానిసలు లేరు. తెల్ల కుటుంబాల్లో మూడింట రెండొంతుల మందికి ఉండేవారు కాదు కాబట్టి ఇతను మామూలు మనిషే. 1862 ఏప్రిల్‌లో 18 నుంచి 35 ఏళ్ల తెల్ల మగవాళ్లందరికీ నిర్బంధ సైనిక భర్తీ చట్టం వచ్చింది. అమెరికా గడ్డ మీద దేశవ్యాప్తంగా అలాంటి చట్టం అదే మొదటిది, లింకన్ కంటే ఏడాది ముందే వచ్చింది. ఇతను వెళ్లాడు. అక్టోబర్‌లో సవరణ వచ్చింది: ఇరవై మంది బానిసలున్న ప్లాంటేషన్‌కు ఒక తెల్ల మగవాణ్ణి సైన్యం నుంచి మినహాయించవచ్చు. పక్క జిల్లాలోని భూస్వామి కొడుకు ఇంట్లో ఉండిపోయాడు. నిజానికి ఈ మినహాయింపు వాడుకున్నవాళ్లు ఎక్కువమంది కారు, తర్వాత నిబంధన కూడా బిగించారు. కానీ యుద్ధం డబ్బున్నోళ్లది, చావు పేదోళ్లది అన్న మాట సైన్యంలో పాకిపోయింది. 1863 వసంతంలో పంటలో పదో వంతు పన్నుగా ధాన్యం రూపంలోనే కట్టాలన్నారు. ఆపైన సైన్యం కోసం అధికారులు వచ్చి ప్రభుత్వం పెట్టిన ధరకే మొక్కజొన్న, పందులు తోలుకుపోయేవారు. సైన్యంలో ఈ రైతుకు నెలజీతం పదకొండు డాలర్లు. 1864 మొదట్లో ఒక బంగారు డాలర్‌కు సుమారు ఇరవై కాన్ఫెడరేట్ కాగితపు డాలర్లు ఇవ్వాల్సి వచ్చేది. అంటే అతని జీతం బంగారంలో యాభై ఐదు సెంట్లు. ఇంటిదగ్గర భార్య దున్నాలి, కోయాలి, పిల్లల్ని సాకాలి. అతను తుపాకీ వదిలేసి రాత్రికి రాత్రి ఇంటికి నడిస్తే ఆశ్చర్యమేముంది? చివరి ఏడాది వేలమంది చేసిందదే.

డేవిస్ మూడుసార్లు కాంగ్రెస్ అనుమతితో హెబియస్ కార్పస్‌ను, అంటే విచారణ లేకుండా నిర్బంధించకుండా కాపాడే హక్కును, సస్పెండ్ చేశాడు. లింకన్ కూడా చేశాడు. కానీ లింకన్ విడిపోకూడదన్న పక్షం, డేవిస్ కేంద్రం జబర్దస్తీ చేస్తోందని విడిపోయిన పక్షం. జార్జియా గవర్నర్ జోసెఫ్ బ్రౌన్ నిర్బంధ భర్తీ రాజ్యాంగ విరుద్ధమంటూ వేలమందిని రాష్ట్ర ఉద్యోగులుగా చూపించి తప్పించాడు. ఉపాధ్యక్షుడు స్టీఫెన్స్ కోపంతో రాజధాని వదిలి నెలల తరబడి జార్జియాలో కూర్చుని తన అధ్యక్షుణ్ణే నియంత అన్నాడు. రాజ్యాంగంలో సుప్రీంకోర్టు ఉన్నా, అది రాష్ట్రాల కోర్టుల్ని మింగేస్తుందన్న భయంతో చివరిదాకా ఏర్పాటు చేయనే లేదు.

1863 ఏప్రిల్ 2న రిచ్‌మండ్‌లో వందల మంది ఆడవాళ్లు గొడ్డళ్లు, కత్తులు పట్టుకుని రొట్టె కావాలంటూ దుకాణాలు పగలగొట్టారు. డేవిస్ స్వయంగా అక్కడికి వెళ్లి బండి ఎక్కి నిలబడ్డాడు. జేబుల్లో ఉన్న డబ్బంతా తీసి గుంపులోకి విసిరి, గడియారం బయటికి తీసి, ఐదు నిమిషాల్లో వెళ్లిపోకపోతే కాల్చమంటానన్నాడు. వరీనా వర్ణించిన దృశ్యమిది. జనం చెదిరారు. జేబు ఖాళీ చేయడం, తుపాకీ చూపించడం రెండూ ఒకే నిమిషంలో చేయగల మనిషి ఆయన.

జనరళ్లతో పేచీలు

ఆయనకు ఆరోగ్యం అంతంతమాత్రం. మలేరియా తిరగబెట్టేది, ముఖంలో నరాల నొప్పి వేధించేది, ఎడమ కన్ను దాదాపు కనిపించేది కాదు. దానికి తోడు తాను సైనికుణ్ణన్న గర్వం. చిన్న చిన్న నియామకాల ఫైళ్లు కూడా తనే చూసేవాడు. నాలుగేళ్లలో యుద్ధమంత్రి కుర్చీలో, కొద్దిరోజులు తాత్కాలికంగా కూర్చున్నాయనతో కలిపి, ఆరుగురు మారారు.

1861లో ఐదుగురు పూర్తిస్థాయి జనరళ్ల సీనియారిటీ జాబితాలో జోసెఫ్ జాన్‌స్టన్‌ను నాలుగో స్థానంలో పెట్టాడు. జాన్‌స్టన్ మండిపడి పొడుగాటి ఉత్తరం రాశాడు. నీ భాష అసాధారణంగా ఉంది, వాదనలు ఏకపక్షం, నిందలు నిరాధారం, నీకు తగనివి అన్న అర్థంలో డేవిస్ నాలుగు ముక్కల్లో జవాబిచ్చాడు. ఇద్దరూ యుద్ధమంతా ఆ ఉత్తరాల్ని మర్చిపోలేదు. 1864 జూలైలో అట్లాంటా ముట్టడికి ముందు జాన్‌స్టన్‌ను తీసేసి జాన్ హుడ్‌ను పెట్టాడు. హుడ్ దూకుడుగా దాడులు చేసి సైన్యాన్ని పోగొట్టుకున్నాడు. సెప్టెంబర్‌లో అట్లాంటా పడిపోయింది, ఆ విజయం ఊపులో నవంబర్‌లో లింకన్ మళ్లీ గెలిచాడు. మరోపక్క, కింది అధికారులంతా వద్దని మొరపెట్టుకున్న బ్రాక్స్‌టన్ బ్రాగ్‌ను ఏడాదికిపైగా మోశాడు. లీని గుర్తించి 1862 జూన్‌లో ప్రధాన సైన్యం అప్పగించి చివరిదాకా నమ్మింది కూడా ఇదే డేవిస్. ఇష్టమైనవాళ్లను వదలడు, పడనివాళ్లను క్షమించడు. లీ విషయంలో ఆ గుణం కలిసొచ్చింది.

పత్తి రాజు, కాకినాడ రేవు

బ్రిటన్ మిల్లులకు కావాల్సిన పత్తిలో నాలుగింట మూడొంతులకు పైగా అమెరికా దక్షిణాది నుంచే వెళ్లేది. పత్తి ఆపేస్తే ఆ మిల్లులుండే లాంకషైర్ ఆకలితో మాడి, బ్రిటన్ తమను గుర్తించి యుద్ధంలోకి దిగక తప్పదని కాన్ఫెడరసీ లెక్క. 1861లో ప్లాంటర్లు, స్థానిక కమిటీలు ఎగుమతి ఆపేశారు. చట్టం లేకపోయినా డేవిస్ అడ్డుచెప్పలేదు. లెక్క తప్పింది. అంతకుముందు పండిన భారీ పంటలతో బ్రిటన్ గోదాములు నిండి ఉన్నాయి. అవి ఖాళీ అయ్యేసరికి ఈజిప్టు, ఇండియా పత్తి దిగింది. యూనియన్ నౌకాదళం రేవుల్ని మూసేయకముందే పత్తి అమ్మి విదేశాల్లో డబ్బు జమచేసుకుని ఉంటే తుపాకులైనా వచ్చేవని తర్వాత స్టీఫెన్స్ లాంటివాళ్లు దెప్పారు.

ఇండియా పత్తి అంటే బొంబాయి ఒక్కటే కాదు. గుంటూరు ప్రాంతం పత్తి కాకినాడ రేవుకు చేరి ఓడలెక్కింది. అమెరికా యుద్ధం రోజుల్లో ఆ రేవు వ్యాపారం బాగా పెరిగింది. ఇంగ్లండ్ బజారులో 'కోకనాడా' పేరుతో ఒక పత్తి రకమే చలామణీ అయింది. 1865లో యుద్ధం ఆగగానే ధరలు కూలి, పత్తిని నమ్ముకున్నవాళ్లు ఇండియా అంతటా దెబ్బతిన్నారు.

1863 జనవరి 1న లింకన్ తిరుగుబాటు ప్రాంతాల్లోని బానిసలకు స్వేచ్ఛ ప్రకటించాక బ్రిటన్ ప్రభుత్వానికి కాన్ఫెడరసీ పక్షాన నిలబడటం ఇంకా కష్టమైంది. పాపపు మనిషి చరిత్రలోనే ఇంత నీచమైన చర్య లేదన్నాడు డేవిస్ ఆ ప్రకటన గురించి. నల్ల సైనికులు పట్టుబడితే యుద్ధఖైదీలుగా చూడకుండా రాష్ట్రాలకు అప్పగించాలని అప్పటికే ఉత్తర్వులిచ్చాడు. ఖైదీల మార్పిడి ఆగిపోవడానికి అదొక పెద్ద కారణం. ఆండర్సన్‌విల్ జైలు శిబిరంలో సుమారు 13,000 మంది యూనియన్ ఖైదీలు చనిపోయారు.

చివరి మలుపు: బానిసల చేతికి తుపాకీ

ఇక్కడ కథ అంత సులువుగా లొంగదు. 1864 జనవరిలో జనరల్ పాట్రిక్ క్లీబర్న్ బానిసల్ని సైన్యంలో చేర్చుకుని స్వేచ్ఛ ఇద్దామని ప్రతిపాదిస్తే డేవిస్ ఆ కాగితం బయటికి పొక్కకుండా నొక్కేయించాడు. పది నెలల తర్వాత ఆయనే సైన్యపు పనుల కోసం 40,000 మంది బానిసల్ని ప్రభుత్వం కొని, సేవ చేసినందుకు స్వేచ్ఛ ఇవ్వవచ్చన్నాడు. తర్వాత లీ మద్దతుతో వాళ్లను సైనికులుగా చేర్చడానికీ ఒప్పుకున్నాడు. జార్జియా నాయకుడు హౌవెల్ కాబ్ దడుచుకున్నాడు. బానిసలు మంచి సైనికులు కాగలిగితే బానిసత్వం గురించి మన సిద్ధాంతమంతా తప్పే అన్నాడు. 1865 మార్చి 13న కాంగ్రెస్ చేర్చుకోవడానికి ఒప్పుకుంది గానీ స్వేచ్ఛ గురించి మాట్లాడలేదు. యజమాని రాతపూర్వకంగా విడుదల చేస్తేనే చేర్చుకోవాలన్న షరతును డేవిస్ ప్రభుత్వం ఉత్తర్వులో కలిపింది. మూడు వారాల్లో రిచ్‌మండ్ పడిపోయింది.

డేవిస్‌కు చివరికి స్వాతంత్ర్యమే ముఖ్యం, బానిసత్వం కాదు అని కొందరు చరిత్రకారులు దీన్ని చూపిస్తారు. 1865 ఫిబ్రవరిలో హాంప్టన్ రోడ్స్ శాంతి చర్చల్లో కూడా 'రెండు దేశాలు' అన్న మాట వదలకపోవడం దానికి సరిపోతుంది. మరికొందరు ఆయన వదులుకున్నది కొద్దిమంది బానిసలనే గానీ వ్యవస్థను కాదంటారు. లక్షల మందిలో కొన్ని వేలమందికి స్వేచ్ఛ ఇచ్చి మిగతాదాన్ని కాపాడుకోవడం అన్నమాట. రెండో వాదమే సాక్ష్యానికి దగ్గరగా కనిపిస్తుంది. కానీ నాలుగేళ్ల యుద్ధం ఆయన్ను కదిలించలేదని మాత్రం చెప్పలేం.

నాయకుడిగా ఎన్ని మార్కులు?

1960లో చరిత్రకారుడు డేవిడ్ పాటర్ ఒక మాట అన్నాడు: యూనియన్, కాన్ఫెడరసీ తమ అధ్యక్షుల్ని మార్చుకుని ఉంటే కాన్ఫెడరసీ నెగ్గేదేమో. లింకన్‌కు జనంతో మాట్లాడటం తెలుసు, అవమానం మింగి పని జరిపించుకోవడం తెలుసు, డేవిస్‌కు వాదనలో గెలవడమే ముఖ్యం అన్నది దాని వెనకున్న ఉద్దేశం. కాన్ఫెడరసీలో పార్టీలు లేకపోవడం కూడా దెబ్బే అని మరో విశ్లేషణ. పార్టీ ఉంటే విమర్శకులకు ఒక వేదిక, అధ్యక్షుడికి ఒక బలగం ఉండేవి. లేకపోవడంతో ప్రతి తగాదా వ్యక్తిగతమైంది.

ఇటీవలి చరిత్రకారుల్లో కొందరు ఆయన పట్ల మెత్తబడ్డారు. నాలుగు రెట్లు తెల్ల జనాభా, అంతకు మించిన పరిశ్రమలు ఉన్న శత్రువుతో నాలుగేళ్లు నిలవడమే గొప్ప, ఆయన స్థానంలో ఇంకొకరుంటే ఎక్కువ చేసేవారని చెప్పలేం అంటారు. పాటర్ మాట వినడానికి బాగుంటుంది గానీ అందులో ఒక లోపం ఉంది. లింకన్ లాంటి మనిషిని దక్షిణాది ఎన్నుకునేదే కాదు.

బ్రైర్‌ఫీల్డ్ ఎవరిది?

1865 ఏప్రిల్ 2న ఆదివారం చర్చిలో ఉండగా రిచ్‌మండ్‌ను ఇక కాపాడలేమని లీ కబురొచ్చింది. 9న లీ లొంగిపోయాడు. డేవిస్ దక్షిణానికి పారిపోతూ మే 10న జార్జియాలో ఇర్విన్‌విల్ దగ్గర భార్య శాలువా కప్పుకుని ఉండగా పట్టుబడ్డాడు. ఉత్తరాది పత్రికలు ఆడవాళ్ల గౌను తొడిగి బొమ్మలు గీశాయి. రెండేళ్లు వర్జీనియాలోని ఫోర్ట్ మన్రో కోటలో ఖైదు.

ఈలోగా అన్న జోసెఫ్ తన ప్లాంటేషన్‌నూ బ్రైర్‌ఫీల్డ్‌నూ కలిపి బెంజమిన్ మాంట్‌గమరీకి మూడు లక్షల డాలర్లకు అప్పు మీద అమ్మేశాడు. మాంట్‌గమరీ అన్నదమ్ముల దగ్గర దశాబ్దాల పాటు బానిసగా ఉండి, చదువు నేర్చి, ప్లాంటేషన్ దుకాణం నడిపినవాడు. విడుదలైన కుటుంబాలతో అక్కడ సాగు చేసి, 1870ల మొదట్లో మేలిరకం పత్తికి బహుమతులు తెచ్చుకున్నాడు. తర్వాత వరదలు, పత్తి ధరలు పడిపోవడం అతన్ని అప్పుల్లో ముంచాయి. అన్న చనిపోయాక డేవిస్, బ్రైర్‌ఫీల్డ్ నాదేనంటూ వారసుల మీద కోర్టుకెక్కాడు. దస్తావేజు లేదు. అయినా 1878లో మిసిసిపీ సుప్రీంకోర్టు ఆయనవైపు తీర్పిచ్చింది. 1881 చివరికి భూమి చేతికొచ్చింది. బెంజమిన్ కొడుకు ఐజయా 1887లో మౌండ్ బయూ అనే నల్లజాతివాళ్ల పట్నాన్ని స్థాపించాడు.

1884లో మిసిసిపీ శాసనసభలో మాట్లాడుతూ డేవిస్, మళ్లీ చేయాల్సి వస్తే 1861లో చేసిందే చేస్తానన్నాడు. 1889 డిసెంబర్‌లో న్యూఆర్లీన్స్‌లో చనిపోయాడు.

దేశద్రోహం కేసు ఎందుకు నడవలేదు?

నేరం జరిగిన రాష్ట్రంలోనే జ్యూరీ విచారణ జరగాలని అమెరికా రాజ్యాంగం చెబుతుంది. అంటే వర్జీనియాలో. పన్నెండు మందిలో ఒక్కరు ఒప్పుకోకపోయినా శిక్ష పడదు. డేవిస్ నిర్దోషిగా బయటపడితే వేర్పాటు చట్టబద్ధమేనని కోర్టే చెప్పినట్టవుతుంది. యుద్ధంలో ఆరు లక్షలకు పైగా ప్రాణాలిచ్చి తేల్చిన ప్రశ్నను పన్నెండు మంది చేతిలో పెట్టడానికి ప్రభుత్వానికి ధైర్యం చాలలేదు. 1867లో లక్ష డాలర్ల జామీను మీద వదిలారు. జామీను ఉన్నవాళ్లలో బానిసత్వ వ్యతిరేకులైన హొరేస్ గ్రీలీ, గెరిట్ స్మిత్ కూడా ఉన్నారు.

1868లో రాజ్యాంగానికి 14వ సవరణ వచ్చింది. దాని మూడో సెక్షన్ ప్రకారం, రాజ్యాంగానికి కట్టుబడతానని ప్రమాణం చేసి పదవిలో ఉండి తర్వాత తిరుగుబాటు చేసినవాళ్లు ఇక పదవి చేపట్టకూడదు. కాంగ్రెస్ ఉభయసభల్లో మూడింట రెండొంతులతోనే ఆ నిషేధం తొలగుతుంది. డేవిస్ లాయర్లు దీన్నే కవచం చేసుకున్నారు. ఈ సెక్షన్ దానంతటదే అమల్లోకి వచ్చి ఆయన్ను శిక్షించేసింది, ఒకే తప్పుకు రెండుసార్లు శిక్షించకూడదు అన్నారు. కేసు వింటున్న ప్రధాన న్యాయమూర్తి శామన్ ఛేజ్ కేసు కొట్టేయాలన్నాడు, పక్కనున్న జడ్జి అండర్‌వుడ్ కుదరదన్నాడు. విషయం సుప్రీంకోర్టులో తేలేలోగా అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ 1868 క్రిస్మస్ రోజున అందరికీ క్షమాభిక్ష ప్రకటించాడు. 1869 ఫిబ్రవరిలో కేసు ఎత్తేశారు.

క్షమాభిక్ష జైలు నుంచి తప్పించింది గానీ పదవుల నిషేధాన్ని తొలగించలేదు. 1876లో కాంగ్రెస్‌లో మిగిలినవాళ్లకు ఆ నిషేధం ఎత్తేసే బిల్లు వచ్చినప్పుడు ఆండర్సన్‌విల్ పేరు చెప్పి ఉత్తరాది సభ్యుడు జేమ్స్ బ్లెయిన్ డేవిస్‌ను మినహాయించాలని పట్టుబట్టాడు. 1978 అక్టోబర్‌లో, చనిపోయిన దాదాపు 89 ఏళ్లకు, కాంగ్రెస్ తీర్మానం మీద జార్జియా వాడైన అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టాక డేవిస్ మీద మూడో సెక్షన్ నిషేధం తొలగింది.

ఛేజ్ విషయంలో ఇంకో మెలిక మిగిలింది. డేవిస్ కేసు కొట్టేయాలన్న కొద్దికాలానికే, 1869లో గ్రిఫిన్ అనే ఖైదీ కేసులో, మూడో సెక్షన్ దానంతటది అమలు కాదు, కాంగ్రెస్ చట్టం చేయాలి అని అదే ఛేజ్ తీర్పిచ్చాడు. 2024 మార్చి 4న, కేంద్ర పదవులకు పోటీ చేసేవాళ్ల మీద ఈ సెక్షన్‌ను రాష్ట్రాలు అమలు చేయలేవని, ఆ పని కాంగ్రెస్‌దని చెప్పినప్పుడు సుప్రీంకోర్టు ఉదహరించింది ఆ గ్రిఫిన్ తీర్పునే.